కొత్త ఫైలులో తెలుగు సేవ్ కావడం లేదు, పాత ఫైలులో అవుతోంది: విమ్ సెట్టింగుల్లో లోపం ఎక్కడ?

ప్రశ్న (నల్లగొండ)

అందరికీ నమస్కారం. మా జిల్లాలోని చెరువులు, కుంటల పేర్లను మండలాల వారీగా సేకరించి, లినక్స్ ల్యాప్‌టాప్‌లో విమ్ ఎడిటర్‌తో మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా రాసిపెడుతున్నాను. ఊరు, చెరువు పేరు, తూములెన్ని, కట్ట మీద మైసమ్మ గుడి ఉందా లేదా, ఆ వివరం చెప్పినవారి వయసు: ఒక్కో చెరువుకు ఇలా ఒక్కో వరుస. పెద్ద చెరువుల పేర్లు రికార్డుల్లో ఉంటాయి గానీ, చిన్న కుంటల పేర్లు చాలావరకు ముసలివాళ్ల నోటనే మిగిలి ఉన్నాయి. అందుకే ఒక్క వరుస పోయినా నాకు మనసుకు కష్టంగా ఉంటుంది.

ఇదివరకు వేరే కంప్యూటర్‌లో మొదలుపెట్టిన కట్టంగూర్ మండలం ఫైలును ఈ ల్యాప్‌టాప్‌లో తెరిచి మార్పులు చేస్తే ఏ ఇబ్బందీ లేకుండా సేవ్ అవుతోంది. మునుగోడు కోసం కొత్త ఫైలు తెరిచి రాస్తే మాత్రం, సేవ్ చేయగానే అడుగున 'కన్వర్షన్ ఎర్రర్ ఇన్ లైన్ 1' అని వస్తోంది. మూసేయబోతే ఈ37 అనే ఎర్రర్ చూపించి, మార్పులు ఇంకా సేవ్ కాలేదంటోంది. బలవంతంగా మూసి మళ్లీ తెరిస్తే, తెలుగు అక్షరాలున్న చోటల్లా తలకిందులైన ప్రశ్నార్థకాలు కనిపిస్తున్నాయి. అంకెలు మాత్రం చెక్కుచెదరలేదు. కొత్త ఫైలులో ఇంగ్లీషు ఒక్కటే రాస్తే అదీ బాగానే సేవ్ అవుతోంది. విమ్ మొదలవగానే చదువుకునే సెట్టింగుల ఫైలును, అంటే విమ్‌ఆర్‌సీని, మా కాలేజీ సీనియర్ ఒకరి దగ్గర తీసుకున్నాను. అందులో నూటికి పైగా వరుసలున్నాయి, వాటిలో సగం ఎందుకున్నాయో నాకు తెలియదు. ఫాంటు సమస్యా, కీబోర్డు సమస్యా, సెట్టింగుల సమస్యా తేల్చుకోలేకపోతున్నాను. దయచేసి దారి చూపండి.

జవాబు (మహబూబ్‌నగర్)

ఫాంటును, కీబోర్డును పక్కన పెట్టేయవచ్చునండీ. వాటిలో లోపముంటే టైపు చేస్తున్నప్పుడే తెలిసిపోయేది, పైగా కట్టంగూర్ ఫైలు కూడా పాడై ఉండేది. తప్పు మీ సొంత సెట్టింగులదా, విమ్‌దా అన్నది ముందు తేల్చుకోవాలి. టెర్మినల్‌లో విమ్ అని కొట్టి, పక్కన రెండు హైఫన్లు పెట్టి క్లీన్ అని చేర్చి తెరవండి. అప్పుడు మీ విమ్‌ఆర్‌సీని గానీ, మీ ఫోల్డర్‌లోని ప్లగిన్లను గానీ చదవకుండా విమ్ మొదలవుతుంది. అందులో కొత్త ఫైలు తెరిచి రెండు తెలుగు మాటలు రాసి సేవ్ చేయండి. సక్రమంగా సేవ్ అయితే లోపం మీ సెట్టింగులదే.

విమ్‌ఆర్‌సీని తీసేయమని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం తొందరపడకండి. కారణం తెలియకుండా తీసేస్తే, రేపు ఇంకెవరి దగ్గరో తెచ్చుకున్న సెట్టింగులతో ఇదే తంటా మళ్లీ వస్తుంది.

ప్రశ్న అడిగినవారు

మీరు చెప్పినట్టే చేశానండీ. క్లీన్ పెట్టి తెరిస్తే కొత్త ఫైలులో తెలుగు చక్కగా సేవ్ అయింది. అంటే లోపం విమ్‌ఆర్‌సీలోనే ఉంది. ఇన్ని వరుసల్లో ఏది కారణమో ఎలా పట్టుకోవాలి? పాత ఫైలుకు లేని ఇబ్బంది కొత్త ఫైలుకే ఎందుకు వస్తున్నదో కూడా వివరించగలరా?

జవాబు (వనపర్తి)

ఏ వరుసో మీరు వెతకనక్కరలేదు, విమ్‌నే అడగండి. మామూలుగా విమ్ తెరిచి, కొత్త ఫైలులో ఉండగా కోలన్ కొట్టి 'వెర్బోస్ సెట్ ఫైల్‌ఎన్‌కోడింగ్' అని రాసి, చివర ఖాళీ వదలకుండా ప్రశ్నార్థకం పెట్టండి. ఫైలులోని అక్షరాలను డిస్కు మీద ఏ పద్ధతిలో రాయాలో చెప్పే సెట్టింగు అది. దాని ప్రస్తుత విలువతో పాటు, దాన్ని చివరిసారి ఏ ఫైలు మార్చిందో కూడా చూపిస్తుంది. కొత్త వెర్షన్లయితే వరుస సంఖ్య కూడా ఇస్తాయి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి అక్కడ లాటిన్-1 అని ఉంటుందని నా నమ్మకం.

లాటిన్-1 అంటే ఇంగ్లీషు, పశ్చిమ యూరప్ భాషల కోసం చేసిన పాత పద్ధతి. అందులో ఉన్నవి మొత్తం 256 స్థానాలే, వాటిలో తెలుగుకు ఒక్కటీ లేదు. టైపు చేస్తున్నంతసేపూ విమ్ మీ అక్షరాలను తన లోపల యూనికోడ్‌గానే (అన్ని భాషల అక్షరాలకూ సంఖ్యలున్న పట్టిక ప్రకారమే) ఉంచుకుంటుంది కాబట్టి తెర మీద అంతా సవ్యంగా కనిపిస్తుంది. డిస్కు మీదికి రాసేటప్పుడు మాత్రం ఫైల్‌ఎన్‌కోడింగ్ చెప్పిన పద్ధతిలోకి మార్చాలి. లాటిన్-1లో చోటు లేని ప్రతి గుర్తుకూ బదులుగా ఒక తలకిందుల ప్రశ్నార్థకం రాసి, మార్పిడి కుదరలేదని ఆ హెచ్చరిక చూపిస్తుంది. మార్పిడి విఫలమైంది కాబట్టే ఆ ఫైలును సేవ్ అయినట్టుగా లెక్కించదు. మూసేటప్పుడు మీకు ఈ37 అడ్డుపడింది అందుకే. అది మీ మేలు కోరి వచ్చిన ఎర్రర్ అని నేనంటాను.

ఇక పాత ఫైలు సంగతి. ఉన్న ఫైలును తెరిచినప్పుడు విమ్ 'ఫైల్‌ఎన్‌కోడింగ్స్' అనే మరో జాబితాను చూస్తుంది. పేరు చివర బహువచనం ఉన్నది వేరు, లేనిది వేరు. ఆ జాబితాలోని పద్ధతులను వరుసగా ప్రయత్నించి, ఏది సరిపోతే దాన్ని ఆ ఫైలుకు వర్తింపజేస్తుంది. కట్టంగూర్ ఫైలు యూటీఎఫ్-8లో, అంటే యూనికోడ్ అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతిలో, ఉంది కాబట్టి దానికి ఆ విలువే దక్కింది, విమ్‌ఆర్‌సీలో మీ సీనియర్ పెట్టినది పక్కకు పోయింది. కొత్త ఫైలులో పరీక్షించడానికి ఇంకా ఏమీ ఉండదు కనుక విమ్‌ఆర్‌సీలోని విలువే దానికి వర్తిస్తుంది.

ఒకవేళ విమ్ ఇచ్చిన సమాధానం తికమకగా ఉంటే మరో పద్ధతి ఉంది. విమ్‌ఆర్‌సీ మధ్యలో ఒక వరుసలో 'ఫినిష్' అని రాసి సేవ్ చేయండి. విమ్ అక్కడితో చదవడం ఆపేస్తుంది. లోపం పోతే అది కింది సగంలో ఉన్నట్టు, పోకపోతే పై సగంలో ఉన్నట్టు. అలా సగం సగం చేసుకుంటూ పోతే నూరు వరుసలైనా ఏడు దఫాల లోపే దొరుకుతుంది. ఇది ఒక్క ఎన్‌కోడింగ్‌కే కాదు, విమ్‌ఆర్‌సీ వల్ల వచ్చే దాదాపు ఏ ఎర్రర్‌కైనా పనికొస్తుంది.

జవాబు (దేవరకొండ)

పై వివరణ సరైనదే. నష్టం గురించి మాత్రం ఒక మాట కలుపుతాను, ఎందుకంటే ఇందులో రెండు రకాల పాడవడం ఉంది, జనం రెంటినీ ఒకటిగా చూస్తారు. ఫైలును తెరవగానే అక్షరానికి మూడేసి చొప్పున వింత గుర్తులు, నెత్తిన గీతలున్న ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తే భయం లేదు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తు మూడు బైట్లు తీసుకుంటుంది, వాటిని లాటిన్-1గా చదివినందువల్ల అలా కనిపిస్తుంది. లోపలి బైట్లు మారలేదు. మళ్లీ సేవ్ చేయకుండా, 'ఈ' కమాండు పక్కన రెండు ప్లస్ గుర్తులు, 'ఈఎన్‌సీ', సమాన గుర్తు, యూటీఎఫ్-8 చేర్చి తెరిస్తే తెలుగు తిరిగి వస్తుంది.

తలకిందుల ప్రశ్నార్థకాలు అలా కాదు. అక్కడ అసలు అక్షరం పోయి, ఆ గుర్తే డిస్కు మీద నిలిచింది. కర్సరును ఒక ప్రశ్నార్థకం మీద ఉంచి జీ, ఏ నొక్కి చూడండి, అడుగున ఆ గుర్తు సంఖ్య 191 అని వస్తుంది. 'త' మీద అయితే 3108 వస్తుంది. 'తెలుగు' అన్న మాట పాడైతే మూడు కాదు, ఆరు ప్రశ్నార్థకాలు కనిపిస్తాయి, ఎందుకంటే హల్లులతో పాటు గుణింతపు గుర్తులకూ వేరు వేరు సంఖ్యలున్నాయి. ఆ ఆరింటి నుంచి ఏ మాటనూ వెనక్కి తేలేము. కాబట్టి అటువంటి ఫైలు ఇంకా తెరిచే ఉంటే ఎట్టి పరిస్థితుల్లోనూ మూయకండి. తెర మీది పాఠం చెడలేదు గనుక 'సెట్‌లోకల్ ఎఫ్ఈఎన్‌సీ' కమాండుతో (ఎఫ్ఈఎన్‌సీ అన్నది ఫైల్‌ఎన్‌కోడింగ్‌కు పొట్టి పేరు) యూటీఎఫ్-8 పెట్టి మళ్లీ సేవ్ చేస్తే చాలు. విమ్‌ఆర్‌సీని సరిచేయడం మీరు ఇకముందు విమ్ తెరిచినప్పుడే పనికొస్తుంది, ఇప్పటికే తెరిచి ఉన్న ఫైలుకు అది అందదు.

టెర్మినల్‌లో ఒత్తులు విడిపోయి కనిపించడం ఈ కోవలోకి రాదు. అది చూపించే తీరులోని లోటు, ఫైలు క్షేమంగానే ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు

వనపర్తి వారు ఊహించినట్టే లాటిన్-1 అని, అది విమ్‌ఆర్‌సీలోనే ఉందని వరుస సంఖ్యతో సహా చూపించింది. ఆ వరుస ముందు డబుల్ కోట్ పెట్టి కామెంటుగా మార్చాను. మునుగోడు ఫైలు ఇప్పుడు సేవ్ అవుతోంది. మూసి తెరిచి, 'త' మీద జీ, ఏ నొక్కి చూస్తే 3108 వచ్చింది. పాడైన వరుసలను నా నోటుబుక్కు చూసి మళ్లీ ఎక్కించుకుంటున్నాను, పేర్లు అందులో ఉండటం నా అదృష్టం. సీనియర్‌ను అడిగితే, తాను పనిచేసే చోట ఒక పాత సాఫ్ట్‌వేర్ లాటిన్-1 ఫైళ్లను మాత్రమే తీసుకుంటుందని, ఆ వరుస లేకపోతే తనకు కుదరదని అన్నారు. వారికి ఏం చెప్పమంటారు?

జవాబు (వనపర్తి)

వారి అవసరం న్యాయమైనదే, కానీ దానికోసం ప్రతి కొత్త ఫైలునూ లాటిన్-1కు కట్టేయాల్సిన పని లేదు. ఆ సాఫ్ట్‌వేర్‌కు పంపే ఫైలును సేవ్ చేసేటప్పుడు మాత్రం 'డబ్ల్యూ' కమాండు పక్కన రెండు ప్లస్ గుర్తులు, 'ఈఎన్‌సీ', సమాన గుర్తు, లాటిన్-1 రాసి, ఆ తర్వాత ఫైలు పేరు ఇస్తే సరిపోతుంది. ఆ ఒక్క ఫైలే ఆ పద్ధతిలో రాయబడుతుంది. మీ సీనియర్ విమ్‌ఆర్‌సీని ఇంకెవరైనా తీసుకుని ఉంటే, వారికి కూడా ఈ వరుస సంగతి తెలియజేయమనండి.