శివరాత్రికి సంగమేశ్వరం: సొంత పడవలో పోతే ఎక్కడ కట్టేయాలి?

పెంట్లవెల్లి పిల్లోడు:

అందరికీ నమస్తే. మాది పెంట్లవెల్లి మండలం, కృష్ణ ఒడ్డు ఊరు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తాను. ఊళ్లో మా అన్న చేపల వేట చేస్తాడు. ఫైబర్ పడవ ఉంది, ఇంజన్ కూడా ఈమధ్యే బాగు చేయించాడు.

మా నాయనమ్మకు శివరాత్రి నాడు అవతలి ఒడ్డున, శ్రీశైలం డ్యాం నీళ్లలో మునిగి తేలే సంగమేశ్వరం గుళ్లో దీపం పెట్టాలని మొక్కు. పోయినేడు సోమశిల రేవులో కిరాయి బోటు కోసం ఎండలో కూర్చుని కూర్చుని, చివరికి అక్కడి సోమేశ్వరుడికే దండం పెట్టుకుని ఇంటికొచ్చింది. ఈసారి "ఇంట్ల పడవ పెట్టుకుని ఊరోళ్ల బోట్ల కోసం నేనెందుకు నిలబడాలె?" అంటోంది. ఆమె మాటకు మా దగ్గర జవాబు లేదు.

నా డౌట్లు ఇవి. అవతలి ఒడ్డున జాతర రోజు ప్రైవేటు పడవ కట్టుకోవడానికి చోటు దొరుకుతుందా? నీళ్లు ఎక్కువుంటే గుడి శిఖరానికే మోకు వేసి నిలబెట్టొచ్చు అంటాడు మా అన్న, అది కరెక్టేనా? జాగారానికి అందరం పైకి పోతే పడవ దగ్గర ఎవరూ లేకపోయినా పర్వాలేదా? లింగోద్భవం చూసుకుని అర్ధరాత్రే బయల్దేరి వచ్చేయొచ్చా? మేం పిల్లలతో కలిపి పది మంది దాకా అవుతాం.

వనపర్తి చౌరస్తా:

కారులో పోండి బ్రదర్. పెబ్బేరు, బీచుపల్లి, కర్నూలు, నందికొట్కూరు మీదుగా రోడ్డే. చుట్టు తిరుగుడే కానీ పెద్దావిడను పెట్టుకుని నీళ్ల మీద టెన్షన్ ఎందుకు? సోమశిల, సిద్ధేశ్వరం మధ్య వంతెన పూర్తయ్యేదాకా మన పాలమూరోళ్లకు ఇదే గతి.

గెడ–తెడ్డు:

కారు సలహా తప్పని అనను. కానీ ముసలమ్మ అడిగింది కారు కాదు కదా.

బిడ్డా, నేను సోమశిల రేవులో పడవ నడిపినవాణ్ణి. ఇప్పుడు మోకాళ్లు మొరాయిస్తున్నాయి, ఇంజన్ తాడు కొడుకు చేతికి ఇచ్చేశాను. నువ్వు అడిగిన వరుసలో చెప్పను, నాకు ముఖ్యం అనిపించిన వరుసలో చెబుతాను.

ముందు నీళ్లు. శ్రీశైలం డ్యాం నిండుగా ఉంటే 885 అడుగులు. సంగమేశ్వరం గుడి మొత్తం బయటపడాలంటే నీళ్లు 840 దరిదాపులకు దిగాలి. శివరాత్రి ఫిబ్రవరిలో పడిన ఏడు గుడి ఇంకా నీళ్లలోనే ఉండొచ్చు, శిఖరం కనిపిస్తే అదృష్టం. కాబట్టి అక్కడ రేవు అనేది ఏటా ఒకే చోట ఉండదు. ఒక ఏడు కట్టిన చోటు మరో ఏడు నిలువెత్తు నీళ్ల కింద ఉంటుంది, ఇంకో ఏడు ఎండిపోయి పశువులు మేస్తుంటాయి. ఎవరన్నా ఫలానా బండ దగ్గర కట్టుకో అని చెబితే, ఆయన ఏ నెలలో పోయాడో, అప్పుడు డ్యాంలో ఎన్ని అడుగులున్నాయో అడుగు. ఆ రెండూ చెప్పలేకపోతే ఆ సలహా పక్కన పెట్టు. డ్యాం లెవెల్ పేపర్లో రోజూ వేస్తారు.

మీ అన్న శిఖరానికి మోకు వేద్దామన్నాడే, ఆ మాట మళ్లీ అననీయకు. గుడి చుట్టూ పాత ప్రహరీ ఉంది. శిఖరం తేలిన రోజుల్లో ఆ గోడ రాళ్లు నీటి కింద ఉంటాయి, పైకి కనపడవు. దగ్గరికి పోయి ఇంజన్ ఫ్యాన్ రాయికి తగిలించుకుంటే జాతర సంగతి అటుంచి ఇల్లు చేరడమే కష్టం. అదీగాక అది ప్రతి ఏడూ నెలల తరబడి మునిగి తేలే కట్టడం. పది మంది బరువున్న పడవ రాత్రంతా ఊగుతూ గుంజితే పాత రాయి ఎంతకని ఓర్చుకుంటుంది? లోపల ఉన్నది వేప మొద్దు లింగం, ధర్మరాజు ప్రతిష్ఠ అని చెబుతారు. దేవుడి నెత్తికి తాడేసి లాగి, మళ్లీ ఆయనకే మొక్కు తీర్చుకుంటారా? శిఖరం కనిపించగానే ఇంజన్ ఆపి గెడ పట్టండి. గెడకు రాయి తగిలితే అక్కడి నుంచే వెనక్కి తిప్పండి.

ఇక కట్టేసే పద్ధతి. ఇద్దరు ముగ్గురికి అర్థమయ్యేలా చెప్పమని మా కొడుకే అంటుంటాడు కాబట్టి వివరంగా రాస్తున్నా. మనుషుల్ని దించే చోటు వేరు, పడవ కట్టే చోటు వేరు. జనం స్నానాలు చేసే దగ్గర మూతి ఆనించి, అందరినీ దించి, వెంటనే అక్కడి నుంచి తీసేయండి. అక్కడే కట్టేస్తే వెనకొచ్చిన బోటువాడు మీ మోకు విప్పి తన పడవ దూరుస్తాడు. తప్పు పట్టడానికి లేదు, వాడి పడవలోనూ ముసలాళ్లుంటారు. ఖాళీ పడవను పక్కకు, జనం పలచబడిన దగ్గరికి తీసుకుపోండి. ఒడ్డు కాస్త నిటారుగా ఉన్న చోటు చూసుకోండి.

నిటారు ఎందుకంటే, ఫిబ్రవరిలో మన నది నిలకడగా ఉండదు. శ్రీశైలంలో కరెంటు తీస్తుంటారు, ఇటు పోతిరెడ్డిపాడు కాలువ, అటు ఎల్లూరు లిఫ్టు మోటార్లు, అందరూ అదే నీళ్లు తోడుకునేవాళ్లే. రాత్రికి రాత్రి మట్టం కొంచెం దిగినా, నిటారు గట్టు దగ్గర నీకు తెలియదు. చదునైన ఒండ్రు మీద మాత్రం నీళ్లు బారల కొద్దీ వెనక్కి పోతాయి. తెల్లారి వచ్చి చూస్తే పడవ బురదలో కూర్చుని ఉంటుంది. ఫైబర్ పడవ, ఇంజన్ బరువు, మోకాళ్ల లోతు బురద. జాగారం చేసి, ఉపవాసం ఉండి, దాన్ని తోయడానికి ఎవరికి ఓపికుంటుంది?

అందుకని మూతి వైపు మోకు ఒడ్డున గునపం దిగ్గొట్టి దానికి కట్టు. ఏ చెట్టు మొదలో ఉందని నమ్మకు, నీళ్లలో నానిన మొదళ్లు ఊడి వస్తాయి. వెనక వైపు నుంచి లోతు నీళ్లలో లంగరు వెయ్. లంగరు లేకపోతే గోనె సంచిలో రాళ్లు నింపి మూతి గట్టిగా కట్టినా చాలు. నీళ్లు దిగుతుంటే ఒడ్డు తాడు వదులు చేసి వెనక తాడు లాగు, పడవ లోతుకు జరుగుతుంది. ఈ పని రాత్రిలో ఒకటికి రెండుసార్లు చేయాలి. అంటే పడవలో ఒక మనిషి పడుకోవాలి. నీ మూడో ప్రశ్నకు జవాబు ఇదే. మీ అన్నదమ్ములు వంతులేసుకోండి.

అర్ధరాత్రి తిరుగు ప్రయాణం వద్దే వద్దు. శివరాత్రి అంటే బహుళ చతుర్దశి, అమావాస్యకు ముందు రోజు. చంద్రుడు తెల్లవారుజామున గోరంత వస్తాడు. నల్లటి నీళ్లలో వలల బెండ్లు కనపడవు, మునిగిన మొద్దులు కనపడవు, ఎదురుగా లైటు లేకుండా వచ్చే పడవ అంతకన్నా కనపడదు. టార్చి వేస్తే నీ కళ్లే బైర్లు కమ్ముతాయి. తెల్లారి వెలుగొచ్చాక, గాలి లేవక ముందు బయల్దేరితే నది అద్దంలా ఉంటుంది. పొద్దెక్కాక గాలి లేస్తే వెడల్పు దగ్గర అలలు పడవ అంచు దాటుతాయి.

పది మంది అన్నావు. 2007 జనవరిలో మన కృష్ణలోనే మంచాలకట్ట దగ్గర పడవ మునిగి అరవై మందికి పైగా పోయారు. నువ్వు అప్పటికి చిన్నోడివై ఉంటావు, ఇంట్లో అడుగు. అప్పటి నుంచి నేను పడవ నిండింది అని చెప్పాక ఇంకొక్కరు ఎక్కితే ఇంజన్ తియ్యలేదు, తిట్లు తిన్నాను, సర్పంచులతో కూడా తిన్నాను. పడవ మీ చేపల పడవ. వలలు, చేపల బరువుకు అలవాటైంది. చేపలు కదలకుండా కింద పడి ఉంటాయి, మనుషులు శిఖరం కనిపించగానే అందరూ ఒకే పక్కకు లేస్తారు. కుదిరితే రెండు విడతలుగా పోండి. పిల్లలు సహా అందరికీ లైఫ్ జాకెట్లు. సీటు కింద పెట్టుకోవడానికి కాదు, వేసుకోవడానికి.

పెంట్లవెల్లి పిల్లోడు:

కాకా, చాలా థ్యాంక్స్. అన్నకు చదివి వినిపించాను. శిఖరం మాట దగ్గర నాయనమ్మ వాడి వీపు మీద ఒక్కటిచ్చింది.

ఇంకో రెండు. ఆమెను బురదలో దించడం ఎలా? చిన్న పుట్టి (గుండ్రటి బుట్ట పడవ) ఒకటుంది, దాన్ని పడవ వెనక కట్టుకుని పోదామా? పర్మిషన్ ఎవరిని అడగాలి, మన వైపు అధికారులనా, వాళ్ల వైపా?

ఆత్మకూరు రోడ్డు:

మాది అవతలి ఒడ్డు, నంద్యాల జిల్లా. పర్మిషన్ సంగతి నేను చెప్తా. సంగమేశ్వరం కొత్తపల్లి మండలంలోకి వస్తుంది. మీరు బయల్దేరేది నాగర్‌కర్నూల్ జిల్లా నుంచి. పండక్కి ముందే రెండు వైపులా పోలీసులను, రెవెన్యూ వాళ్లను కనుక్కోండి. 2019లో గోదావరిలో కచ్చులూరు ప్రమాదం జరిగాక బోట్ల విషయంలో ఎక్కడైనా గట్టిగానే ఉంటున్నారు. ఇంజన్ పడవకు రిజిస్ట్రేషన్, తనిఖీ ఉండాలని 2021లో కేంద్రం తెచ్చిన చట్టంలోనే ఉంది. చేపల వేట పడవలో జనాన్ని ఎక్కించుకోవడం మీద ఏమంటారో ముందే అడగండి. రేవులో కానిస్టేబుల్ ఆపాక నాయనమ్మ మొక్కు కథ చెబితే ఆయన జాలి పడతాడు కానీ పడవ వదలడు.

గుడి మునిగి ఉన్న ఏడాది పూజలు పైన గట్టు మీద ఉమామహేశ్వరుడి గుళ్లో జరుగుతాయి. దీపం అక్కడే పెట్టొచ్చు, మొక్కు చెల్లినట్టే. ఇంకోటి, కొంచెం కటువుగా ఉంటుంది కానీ చెప్పాలి. స్నానాల దగ్గర పడవల్లో పెట్రోలు పోసుకోవడం ఆపండి బాబూ. సప్తనదుల్లో మునిగి లేస్తే ఒంటికి నూనె జిడ్డు అంటుకుంటోంది. తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమ, మలాపహారిణి, భవనాశి అని ఏడు పేర్లు సంకల్పంలో చెప్పించుకుంటాం, ఎనిమిదోది పెట్రోలు.

దేవరకొండ దారి:

మా నల్గొండ వైపు ఏలేశ్వరం గట్టు కూడా ఇలాగే. పాత ఊరు సాగర్‌లో మునిగింది, మల్లయ్య గట్టు మిగిలింది, శివరాత్రికి లాంచీల్లో పోతాం. అక్కడ బురద కంటే రాయి బాధ ఎక్కువ. పడవ పక్కలకు పాత టైర్లు వేలాడదీయకపోతే రాత్రంతా బండకు కొట్టుకుని ఫైబర్ పగులుతుంది. సంగమేశ్వరంలో నిటారు గట్టు వెతుక్కోమన్నారు కాబట్టి మీకూ టైర్లు పనికొస్తాయి. పక్క పడవ వచ్చి ఆనుకున్నా దెబ్బ తగలదు.

గెడ–తెడ్డు:

టైర్ల మాట బాగా చెప్పారు, నేను మర్చిపోయాను. ఆత్మకూరు ఆయన చెప్పిన పెట్రోలు మాట కూడా నిజమే. ఇంటి దగ్గరే ట్యాంకు నింపుకుని రండి, రెండో డబ్బా తెరిచే పని పడకూడదు.

పుట్టిని ఇంజన్ పడవ వెనక కట్టొద్దు. వేగానికి గిరగిరా తిరిగి నీళ్లు తాగుతుంది, తాడు వచ్చి ఫ్యాన్‌లో పడుతుంది. చిన్నదే అయితే బోర్లించి పడవలోనే పెట్టుకుని పోండి. నాయనమ్మను దించడానికి పుట్టి కంటే పొడుగాటి బల్ల చెక్క మేలు. ఒక కొస పడవ మూతి మీద, ఒక కొస ఒడ్డున. బురద ఉన్నంత మేర గోనె సంచులు పరవండి. ఒకరు నీళ్లలో దిగి ఆమెకు భుజం అందించండి. చెప్పులు విప్పించండి, తడి చెక్క మీద చెప్పులే జారతాయి.

పండక్కి రెండు మూడు రోజుల ముందు మీ అన్నను ఒక్కసారి పగటి పూట ఖాళీ పడవతో పోయి రమ్మను. వలలు ఎక్కడ వేసి ఉన్నాయో, ఏ వైపు గట్టు నిటారుగా ఉందో చూసుకోవాలి. అక్కడి జాలరులతో మాట్లాడి, మేం ఫలానా రోజు వస్తాం, ఫలానా దగ్గర కట్టుకుంటాం అని చెప్పి రావాలి. ఎల్లూరు లిఫ్టు దగ్గర రేగుమానుగడ్డ కాలువ నోట్లోకి మాత్రం పోవద్దు, మోటార్లు నడుస్తుంటే నీళ్లు లోపలికి గుంజుతాయి. సోమశిలలో టూరిజం లాంచీ ఆగే దగ్గర కూడా కట్టకండి.

పర్మిషన్ రాకపోతే ఏం చేయాలో కూడా ఇప్పుడే ఇంట్లో అనుకోండి. అప్పుడు వనపర్తి ఆయన చెప్పిన కారే. నాయనమ్మను ఒప్పించే పని మీ అన్నకు అప్పగించు, ఆ ఒక్కటీ బాకీ ఉన్నాడు.

పెంట్లవెల్లి పిల్లోడు:

సరే కాకా. ఆదివారం అన్న పోయి చూసొస్తానన్నాడు. డ్యాం లెవెల్ ఎంతుందో, ఎక్కడ చోటు చూశాడో ఇక్కడే రాస్తాను. గునపం మీరన్నట్టు ఒడ్డుకు ఎంత దూరంలో దిగ్గొట్టాలి?

గెడ–తెడ్డు:

నీటి అంచుకు దూరంగా, గట్టి నేల తగిలేదాకా పైకి పో. అంచున తడి మట్టిలో కొడితే చేతికే ఊడొస్తుంది. మోకు పొడుగు తెచ్చుకో. రాత్రి జనం కాళ్లకు తగిలి పడకుండా తాడుకు తెల్ల గుడ్డ కట్టు.