మెడికల్ స్కూల్ దరఖాస్తుకు ముందు ఆసుపత్రి బయట ఏ సేవ ఎంచుకోవాలి?

నమస్కారం. నేను డల్లాస్ దగ్గర బయాలజీ డిగ్రీ చదువుతూ, వచ్చే ఏడాది మెడికల్ స్కూళ్లకు దరఖాస్తు చేయాలనుకుంటున్నాను. ఆసుపత్రిలో వాలంటీరు పని, డాక్టర్ల వెంట ఉండి వారి పనిని గమనించే షాడోయింగ్ ఇప్పటికే సాగుతున్నాయి కానీ, రోగులతో సంబంధం లేని సేవ విషయంలోనే ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. (మెడికల్ స్కూల్ ప్రవేశ పరీక్ష అయిన ఎంక్యాట్‌లో స్కోరుంటే చాలని మా నాన్నగారి వాదన, అది వేరే సంగతి.)

ఆదివారాలు తెలుగు బడిలో చిన్నపిల్లల చేత గుణింతాలు దిద్దించడం నాకు ఎంతో ఇష్టమైన పనే అయినా, అక్కడికి వచ్చేవారందరూ మనలాంటి స్థితిమంతుల పిల్లలే కాబట్టి, అవసరంలో ఉన్నవారికి చేసిన సేవగా మెడికల్ స్కూళ్ల ప్రవేశ కమిటీలు దాన్ని లెక్కిస్తాయా అన్నది నా సందేహం. ఫుడ్ బ్యాంకులో ఆ ఇబ్బంది లేదు. అయితే అట్టపెట్టెల్లో డబ్బాలు సర్ది, వరుసగా వచ్చే కార్ల డిక్కీల్లో పెట్టడమే తప్ప ఎవరితోనూ రెండు మాటలు కలిసే అవకాశం ఉండదు. లైబ్రరీలో వలసదారులకు ఇంగ్లీషు నేర్పే పని నాకు నచ్చింది గానీ, దానికి ప్రతి వారం తప్పకుండా వెళ్లాలి.

అనేక మెడికల్ స్కూళ్లకు ఉమ్మడిగా పెట్టే ఆమ్‌కాస్ దరఖాస్తులో 15 కార్యకలాపాలు, వాటిలో 3 ముఖ్యమైనవిగా చూపవచ్చు కనుక, తెలుగు బడి, లైబ్రరీ రెండూ కొనసాగించడం మంచిదా, లేక ఒక్కదానికే సమయమంతా కేటాయించడం మేలా? ఈ దారిలో వెళ్లినవారు, ఇంటర్వ్యూలో ఈ సేవ గురించి ఏమి అడిగారో కూడా దయచేసి తెలియజేయగలరు.