లోతు తక్కువ నీళ్లకు చుక్కాని: కోయాలా, కిక్-అప్ పెట్టాలా?

కీమా_కుర్రాడు: హ్యూస్టన్ పక్కన గాల్వెస్టన్ బేలో పాత కెటలీనా 22 తెరచాప పడవ నడుపుతాను. అడుగున ఉండే కీల్ (బరువు రెక్క) పైకి లాగితే 2 అడుగుల నీళ్లు చాలు. కానీ నాకొచ్చిన ఫిక్స్‌డ్ చుక్కాని అంతకంటే కిందికి ఉంది. చలికాలంలో ఉత్తరపు గాలి గట్టిగా కొడితే బే నీళ్లు సముద్రంలోకి పోయి, రోజూ తేలే చోటే బురద తగులుతుంది. చుక్కాని కింద ఒక అడుగు కోసేయనా? లేక నేల తగిలితే వెనక్కి మడుచుకునే కిక్-అప్ పెట్టించనా?

తెరచాప_రావు: కొయ్యకు బాబూ. గట్టిగా పనిచేసేది ఆ కింది భాగమే. పడవ ఒరిగితే పై భాగం సగం బయటికొచ్చి గాలి పీలుస్తుంది. అప్పుడు టిల్లర్ (చుక్కాని తిప్పే పిడి) ఎంత లాగినా పడవ ముక్కు గాలివైపే తిరుగుతుంది. కిక్-అప్ పెట్టు.

కాకినాడ_మూర్తి: అమెరికాలోనే ఉన్నావుగా, కేప్ కాడ్ క్యాట్‌బోట్లు చూడు. లోతు లేని నీళ్ల కోసమే పుట్టిన పడవలు. చుక్కాని తలుపంత వెడల్పు, మడతా లేదు, మీ కిక్-అప్‌లా బ్లేడును దించి పట్టే తాడూ లేదు. పొడవు తగ్గించు, వెడల్పు పెంచు, అడుగున అడ్డంగా ఒక పలక బిగించు. అయిపోయె.

తెరచాప_రావు: మూర్తిగారూ, ఆ క్యాట్‌బోట్ టిల్లర్ గాలిలో ఎప్పుడైనా పట్టుకున్నారా? భుజం పడిపోతుంది. వెడల్పు వెనక్కి పెరిగేకొద్దీ నీటి ఒత్తిడి చుక్కాని తిరిగే ఇరుసుకు దూరంగా పడుతుంది.

కాకినాడ_మూర్తి: మీ కిక్-అప్ సగం మడిస్తే జరిగేదీ అదే కదండీ! దానికి మాత్రం వంక పెట్టరు.

సాగర్_లేజర్: నిజమే. హుస్సేన్ సాగర్‌లో మా లేజర్లకు (చిన్న రేసు పడవలు) చుక్కాని బ్లేడును దించి పట్టే తాడు కొంచెం వదులైతే చాలు, టిల్లర్ బరువెక్కిపోతుంది.

తెరచాప_రావు: సగం మడిచి తెరచాపతో నడపమని ఎవరన్నారు? పూర్తిగా దించి ఉండాలి, లేదంటే మోటారు మీద మెల్లగా పోవాలి.

సూళ్లూరుపేట_సీను: మా పులికాట్‌లో నీళ్లు మోకాలి లోతుకొస్తే గడ వేసి నెట్టుకుపోతారు. ఇంత టెన్షన్ ఎందుకో.

కాకినాడ_మూర్తి: అసలు కిక్-అప్‌లో బ్లేడు మడుచుకునే ఆ ఇరుసు బోల్టు సంగతి ఎవరూ మాట్లాడరేం? నేను కొన్న కిక్-అప్‌లో నైలాన్ వాషర్లు అరిగి, పక్క పలకల మధ్య బ్లేడు టకటకా ఊగేది. ఒక రోజు గాలి పుంజుకోగానే క్లీట్ (తాడును పట్టి ఉంచే బిగింపు) దానంతటదే తాడు వదిలేసింది. పడవ గిర్రున తిరిగి జెట్టీని గుద్దింది. ముందు మా అమ్మాయి కూర్చుని ఉంది. షాపువాడు డబ్బులు వాపసు ఇవ్వనన్నాడు.

తెరచాప_రావు: నేల తగిలినప్పుడు వదలడమే ఆ క్లీట్ పని. ఎంత లాగుడుకు వదలాలో దాని స్క్రూతో బిగించుకోవాలి. మీరు బిగించి ఉండరు.

కాకినాడ_మూర్తి: అంటే తప్పు నాదేనా? కీబోర్డు ముందు కూర్చుని అందరూ కెప్టెన్లే!

తెరచాప_రావు: కీబోర్డా? నా ఫిక్స్‌డ్ చుక్కాని ఆల్చిప్పల దిబ్బకు కొట్టుకుని, పడవ వెనక పలకలోంచి బోల్టులతో సహా ఊడొచ్చింది. ఆ చిల్లుల్లోంచి నీళ్లు లోపలికొస్తుంటే చేత్తో గుడ్డలు కుక్కాను. నేల తగిలితే చుక్కాని తప్పుకోవాలి, పడవ పగలకూడదు. అంతే నా మాట.

కాకినాడ_మూర్తి: చూశారా, మీకు నేలంటే భయం. నాకు గాలంటే భయం. గాలి కొట్టినప్పుడు చేతికింద చుక్కాని లేకపోతే ఏ పడవైనా ఎందుకు? అసలు ఈ అబ్బాయి ఆ బురదలోకి పోవడమెందుకు? లోతున్నచోట తిప్పుకోవచ్చుగా.

కీమా_కుర్రాడు: బాగా లోతు కావాలంటే షిప్ ఛానెల్‌లో ట్యాంకర్ల మధ్య తిప్పాలి మూర్తిగారూ. బే చాలావరకు లోతు తక్కువే. నాకు నేలా ఉంది, గాలీ ఉంది. కిక్-అప్ పెట్టి, గాలి ఎక్కువున్న రోజు పక్క పలకల్లోంచి బ్లేడులోకి ఒక చెక్క పిన్ను దిగ్గొడితే? గాలికి కదలదు, నేల తగిలితే విరుగుతుంది.

తెరచాప_రావు: చెయ్యి. మెత్తటి చెక్క వాడు. పడవలో పది పిన్నులు, ఒక సుత్తి పెట్టుకో.

కాకినాడ_మూర్తి: చెక్క తడిస్తే ఉబ్బి ఇరుక్కుంటుంది. విరిగిన ముక్కను నీళ్లలో వేలాడుతూ ఎలా లాగుతాడు? ముందు పిన్ను మందం ఎంతో చెప్పండి.