గుడి ఫలకం మీద 'పునర్నిర్మాణం' అని రాయొచ్చా?

గంటస్తంభం (విజయనగరం):
మా వీధి రామమందిరానికి ఈ వేసవిలో పని చేయించాం. రాతి స్తంభాలు, గర్భగుడి గోడలు కదపలేదు. పుచ్చిపోయిన వాసాలు మార్చి, పెంకు మళ్లీ నేయించి, సున్నం వేయించాం. ఫలకం మీద 'పునర్నిర్మాణం' అని చెక్కించమంటున్నారు పెద్దలు. నాకు మనసొప్పడం లేదు. మా నాన్న తాపీమేస్త్రి. ఇలాంటి పనిని ఆయన మరమ్మతు అనేవారు. అది గుడికి చిన్నమాట అంటున్నారు. రాయి మీద పడ్డాక మార్చలేం, టెన్షన్‌గా ఉంది.

పొందూరు నేత:
పునర్నిర్మాణం అంటే పడిపోయినదాన్నో పడగొట్టినదాన్నో మళ్లీ కట్టడం. మీరు కట్టలేదు, నిలబెట్టారు. దానికి జీర్ణోద్ధరణే సరైన మాట. జీర్ణం అంటే అరిగిపోయినది. తిన్నది జీర్ణమైంది అంటామే, అదే మాట. ఉద్ధరణ అంటే పైకెత్తడం. ద కింద ధ ఒత్తు పడేలా దగ్గరుండి చూసుకోండి. 'పెంకు నేయించాం' అని రాశారు, చాలా సంతోషమేసింది. మా దగ్గర బట్టనూ నేస్తారు, ఇంటి కప్పునూ నేస్తారు.

చంపావతి:
మరమ్మతు చిన్నమాట ఎలా అవుతుందండీ? అరబ్బీలో పుట్టి, పారశీ, ఉర్దూల మీదుగా మన మేస్త్రీల నోటికొచ్చింది. ఇన్ని భాషలు దాటినా బాగుచేయడం అన్న అర్థం పోలేదు. రినోవేషన్‌కి నవీకరణ అనొచ్చు. అందులోని లాటిన్ 'నోవుస్', సంస్కృత 'నవ' ఒకే కుదురు. కానీ మీరు గుడిని కొత్తది చేయలేదు కదా.

గంటస్తంభం:
ఇద్దరికీ నమస్కారం. ఇంకొక్కటి. విశాఖలో చదివే మా అమ్మాయి 'జెంట్రిఫికేషన్' అంటోంది. అదీ బాగుచేయడమేనా?

చంపావతి:
ఇళ్లు బాగుపడతాయి, ఉన్నవాళ్లు పోతారు. 1964లో లండన్ గురించి రాస్తూ రూత్ గ్లాస్ అనే సామాజిక శాస్త్రవేత్త పెట్టిన పేరు. కార్మికుల పేటల్లోకి డబ్బున్నవాళ్లు చేరి ఇళ్లు బాగుచేసుకున్నారు. పాతవాళ్లకి అక్కడ చోటు లేకుండా పోయింది. జెంట్రీ అంటే ఇంగ్లండులో భూములున్న పెద్దింటివాళ్లు. సుందరీకరణ, అభివృద్ధి అన్న మాటల్లో ఎవరు మిగిలారన్నది కనిపించదు. ఈ మాటలో కనిపిస్తుంది. తెలుగులో నేనైతే 'పేట చేతులు మారడం' అంటాను.

గంటస్తంభం:
పెద్దలకు చదివి వినిపించాను, ఒప్పుకున్నారు. పైన 'జీర్ణోద్ధరణ'. కింద పెంకు నేసిన ముగ్గురి పేర్లు, సున్నం వేసిన ఇద్దరి పేర్లు. చెక్కేవాడు అక్షరానికింత అని తీసుకుంటాడు. ఆ పేర్ల డబ్బు నేనిస్తానన్నాను.