బైండర్ వేసుకొని పరుగెత్తితే ఊపిరి అందడం లేదు

ప్రశ్న: నేను ట్రాన్స్ పురుషుడిని (పుట్టినప్పుడు ఆడపిల్లగా నమోదై, పురుషుడిగా జీవిస్తున్నవాడిని), విజయవాడలో ఉంటాను. ఛాతీ చదునుగా కనిపించడానికి వేసుకునే బిగుతు లోదుస్తు అయిన బైండర్‌తో పరుగెత్తితే పది నిమిషాలకే ఆయాసం వస్తోంది, అది లేకుండా పార్కుకు వెళ్లడానికి మనసొప్పడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: బిగుతైన బైండర్ పక్కటెముకలను నొక్కి, ఊపిరితిత్తులు పూర్తిగా విచ్చుకోనివ్వదు కనుక, వ్యాయామ సమయంలో దానికి బదులు సరైన కొలతగల స్పోర్ట్స్ బ్రా, దానిపై వదులైన ముదురు రంగు టీషర్టు వేసుకోండి. సాగే బ్యాండేజీ మాత్రం ఎన్నడూ చుట్టుకోవద్దు. కదిలేకొద్దీ అది బిగుసుకుంటుంది.

మరో జవాబు: మామూలు రోజుల్లోనూ బైండర్ వేసుకోవడం 8 గంటలు దాటనివ్వకండి, నిద్రలో తీసేయండి. మన ఎండలకు చెమటతో చర్మం ఒరుసుకుపోతుంది కూడా. నేనైతే (బిడియమే అనుకోండి) తలుపు వేసుకొని దండాలు, బస్కీలు తీస్తాను. ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా వెంటనే ఆపి వైద్యుడిని కలవండి.

ప్రశ్నించినవారు: ధన్యవాదాలు. రేపు తెల్లవారుజామున, జనం రాకముందే, టీషర్టుతో వెళ్లి చూస్తాను.