ఆండాంటేని “విలంబం” అనవచ్చా? సి మేజర్‌ని “శ్రుతి” అనవచ్చా?

ప్రశ్న: జర్మన్ సంగీతకర్త మెండెల్సన్ ఇ మైనర్ వయొలిన్ కన్సర్టో (ఆర్కెస్ట్రా తోడుగా వయొలిన్ ముందుండి వాయించే రచన, ఓపస్ 64) మీద పరిచయ వ్యాసం రాస్తున్నాను. రెండో భాగం గురించి “సి మేజర్ శ్రుతిలో, విలంబ లయలో సాగుతుంది” అని రాస్తే సరిపోతుందా? స్కోరులో (స్వరలిపిలో) ఉన్నది ఆండాంటే అన్న వేగ సూచన, 6/8 (బార్‌కు, అంటే ఒక ఆవర్తానికి, ఆరు ఎయిత్ నోట్లు).

జవాబు: రెండు మాటలూ కుదరవండీ. ముందు విలంబం సంగతి చూద్దాం. ఆండాంటే అన్నది ఇటాలియన్‌లో వెళ్లడం, సాగడం అనే అర్థమున్న “ఆండారే” నుంచి వచ్చింది. ఆలస్యమన్న అర్థం అందులో లేదు. నేరుగా “మెల్లగా” అని చెప్పే మాట లెంటో. అడాజియో అంటే సావకాశంగా, లార్గో అంటే విశాలంగా. బ్రూఖ్ జి మైనర్ కన్సర్టో రెండో భాగం, బ్రామ్స్ వయొలిన్ కన్సర్టో రెండో భాగం అడాజియోలు. చైకోవ్‌స్కీ వయొలిన్ కన్సర్టో రెండో భాగమైన కాన్జొనెట్టా మళ్లీ ఆండాంటే. అన్నిటికీ విలంబమే రాస్తే ఈ తేడా తెలుగులోకి రాదు. పైగా మన విలంబ, మధ్యమ, ద్రుత కాలాలు ఒకదానికొకటి రెట్టింపు లెక్కలో నడుస్తాయి. ఆండాంటే దేనికీ సగం కాదు, రెట్టింపూ కాదు.

జవాబు: అయితే “నడక” అనొచ్చుగా! మనకు అచ్చంగా అలవాటైన ఊహే అది. హయప్రచారం, తురగవల్గనం, ద్విరదగతి అని మన రగడల (మాత్రల లెక్కన నడిచే తెలుగు ఛందస్సుల) పేర్లే గుర్రం నడక, ఏనుగు నడక. హయప్రచార రగడ గణాలు మూడేసి మాత్రలవి, ఇక్కడ 6/8లోనూ మూడేసే.

జవాబు: మాట బాగుందిగానీ ఒక చిక్కుంది. సంగీతంలో నడక అంటే వేగం కాదు, ఒక దెబ్బను ఎన్ని ముక్కలు చేస్తున్నామన్నది. తిశ్ర (మూడు) నడక, ఖండ (అయిదు) నడక అంటాం. మెండెల్సన్ దగ్గర ఎటూ తిశ్రమే కాబట్టి పొరపాటు బయటపడదు. అదే మాట చైకోవ్‌స్కీ 3/4 ఆండాంటేకి వాడితే చదువరి తిశ్రమనే అనుకుంటాడు. అందుకని “నడిచే వేగంతో” అని విప్పి రాయడం మేలు.

ఆ నడక ఎందులో వినిపించాలన్నది కూడా ముఖ్యం. 6/8ని ఆరు దెబ్బలుగా లెక్కపెడితే పాట కుంటుతుంది. రెండు పెద్ద దెబ్బలుగానే అనుకోవాలి. ఎయిత్ నోట్ నిమిషానికి 100 చొప్పున పోతే పెద్ద దెబ్బ 33 దగ్గర పడుతుంది. అంత తక్కువకు మెట్రోనోమ్ పెట్టుకుని సాధన చేయడం కష్టం కాబట్టి చిన్న విలువకు పెట్టుకుని, మనసులో మాత్రం రెండే లెక్కించాలి. వేగం నిర్ణయించేది మొదటి పాట కాదు, మధ్య భాగం. అక్కడ వయొలిన్ ఒక్కటే పైన పాటా, కింద వణికే తోడూ వాయించాలి. మొదలు మరీ చురుగ్గా పెడితే ఆ వణుకు గజిబిజి అవుతుంది. మరీ ఈడిస్తే కమాను చాలక పాట ముక్కలవుతుంది. మధ్య భాగం హాయిగా పలికే వేగం పట్టుకుని, దానితోనే మొదలుపెట్టాలి.

జవాబు: ఇక “శ్రుతి”. కచేరీ మొత్తం మారకుండా నిలిచేది శ్రుతి. ఇక్కడ ఆధార స్వరమైన షడ్జమే (స) కదులుతుంది. సి మేజర్ స్వరాలు శంకరాభరణానివి. మధ్య భాగం ఏ మైనర్‌లోకి వెళ్తుంది, అంటే ధైవతాన్ని షడ్జం చేసుకోవడం. గ్రహభేదంలో, అంటే షడ్జం చోటు మార్చి చూస్తే, అది నఠభైరవి. కానీ పాశ్చాత్యులు మైనర్‌లో నిషాదాన్ని తరచు పెంచుతారు కాబట్టి కీరవాణి ఛాయ వస్తుంది. ఇన్ని మార్పులున్నదాన్ని శ్రుతి అంటే తప్పర్థమే వస్తుంది. రాగమన్నా అంతే, గమకాలూ సంచారాలూ లేని రాగమేమిటి?

ఈ కన్సర్టోలో దీన్ని చెవితో పట్టుకునే చోటొకటి ఉంది. మొదటి భాగం పెద్ద మోతతో ఇ మైనర్‌లో ఆగుతుంది. అందరూ ఆగినా బసూన్ (మంద్రంగా పలికే ఊదే వాద్యం) ఒక్కటీ బి స్వరాన్ని వదలదు. ఇ షడ్జమైతే బి పంచమం. అది అర స్వరం ఎక్కి సి మీద కూర్చుంటుంది. ఇప్పుడు సి షడ్జం. వెనక్కి చూసుకుంటే ఆ బి కాకలి నిషాదం, అంటే సకు అర స్వరం కింది ని! మోగుతున్న స్వరం అదే, దాని పేరే మారింది. “కీ మారింది” అన్న పొడి మాటకు అసలు అర్థం ఇదండీ.

ఇంకొకటి. పాశ్చాత్య వయొలిన్ తీగలు జి, డి, ఏ, ఇ. ఇ షడ్జమైతే అవి గ, ని, మ, స, అంటే పై తీగే షడ్జం. సి షడ్జమైతే ప, రి, ధ, గ. సకు ఒట్టి తీగ లేదు, ప్రతిసారీ వేలితో నొక్కాల్సిందే. వేలు వెంట్రుకవాసి జారినా విశ్రాంతి స్వరమే అపస్వరమవుతుంది.

ప్రశ్న అడిగినవారు: అయితే ఇలా మారుస్తాను: “రెండో భాగం సి మేజర్‌లో, నడిచే వేగంతో, మూడేసిగా విడిపోయే రెండు దెబ్బల మీద సాగుతుంది.” దీని తరవాత వచ్చే చిన్న వంతెనకు “అల్లెగ్రెట్టో నాన్ ట్రోప్పో” అని ఉంది. దాన్నేమనాలి?

జవాబు: నాన్ ట్రోప్పో అంటే “మరీ అంత కాదు”. అల్లెగ్రెట్టో అల్లెగ్రో కన్నా ఓ మెట్టు తక్కువ చురుకు. “కొంచెం చురుగ్గా, మరీ కాకుండా” అని రాయండి. ఆ 14 బార్లూ మళ్లీ ఇ మైనర్‌వి. వాటి వెంటనే చివరి భాగం ఇ మేజర్‌లో అందుకుంటుంది.