మాలా-ఎన్ కరపత్రం: "మాత్ర మర్చిపోతే" భాగం ఎక్కడ, ఎలా?

సిరి_డీటీపీ:
మాలా-ఎన్ (రోజూ వేసుకునే గర్భనిరోధక మాత్రలు) వాడేవాళ్ల కోసం ఏ5 సైజులో రెండు పక్కలా కరపత్రం వేస్తున్నాం. "మాత్ర మర్చిపోతే" భాగం వెనకపక్క అడుగున వచ్చింది. వాక్యం ఇది: "మర్చిపోతే మర్నాడు రెండు వేసుకోవాలి." సరిపోతుందాండీ?

మందుల_కౌంటర్:
అడుగున వద్దండి. వాడటం అలవాటయ్యాక ఆ కాగితం మళ్లీ బయటికి తీసేది మాత్ర తప్పినప్పుడే. ముందుపక్క పైసగం దానికే ఇవ్వండి. పైగా ఆ వాక్యం చదివి ఇకనుంచి రోజూ రెండనుకునేవాళ్లుంటారు, రెండంటే భయపడి మానేసేవాళ్లూ ఉంటారు. ఇలా విడదీయండి: "గుర్తొచ్చిన వెంటనే ఒక మాత్ర వేసుకోండి. ఈ రోజు మాత్ర ఎప్పటి టైముకే వేసుకోండి. ఒకే రోజు రెండు పడినా ఫర్వాలేదు. రేపట్నుంచి మళ్లీ రోజుకొకటే." ఒకటి, రెండు తప్పితే ఇంతే. వరసగా మూడు గానీ, అంతకు మించి గానీ తప్పితే వెంటనే ఒకటి వేసుకుని, 7 రోజులు కండోమ్ కూడా వాడాలి. అది మూడో వారమైతే తెల్లవి (హార్మోన్ మాత్రలు) పూర్తిచేసి, ఐరన్ మాత్రలు వదిలేసి, మర్నాడే కొత్త ప్యాకెట్.

సబ్‌సెంటర్_అక్క:
ప్యాకెట్‌లోని 28 మాత్రల్లో 21 తెల్లవి, 7 ముదురు రంగు ఐరన్ మాత్రలు. జిరాక్స్‌లో రంగు పోతుంది కాబట్టి బొమ్మలో ఐరన్‌వాటికి గీతలు కొట్టండి. ఐరన్ మాత్ర తప్పితే పారేస్తే చాలు. అసలు దెబ్బ కొత్త ప్యాకెట్ ఆలస్యమైతేనే: హార్మోన్ లేని రోజులు 7 దాటితే అండం విడుదల కావచ్చు. అందుకే బొమ్మ కింద "ప్యాకెట్ అయిపోతే, బహిష్టు ఆగకపోయినా మర్నాడే కొత్త ప్యాకెట్" అని పెద్దక్షరాల్లో వేయండి. ఛాయ మాత్రని (అదీ గర్భనిరోధకమే, వారాల లెక్కన వేసుకునేది) ఇదే కాగితంలో కలపొద్దమ్మా. అది మొదటి 3 నెలలు వారానికి రెండు, తర్వాత ఒకటి. పక్కపక్కన పెడితే రోజూ వేసుకోవాల్సినామె వారానికి రెండే వేసుకోగలదు.

అచ్చు_పని:
అక్షరం 12 పాయింట్లు, లైన్ల మధ్య 18. తగ్గిస్తే పైలైను వత్తులు కిందిలైను గుడుల మీద పడతాయి. 60 జీఎస్ఎమ్ (కాగితం మందం కొలత) కాగితంలో వెనక అచ్చు కనబడుతుంది, 90 తీసుకోండి. అను ఫాంట్ (డీటీపీలో వాడే పాత తెలుగు ఫాంట్) నుంచి యూనికోడ్‌కి మారిస్తే ప్రతి అంకె మళ్లీ సరిచూడాలి.

మందుల_కౌంటర్:
ఇంకోటి. "ఇతర మందులతో జాగ్రత్త" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. టీబీకి రిఫాంపిసిన్, ఫిట్స్‌కి ఫెనిటాయిన్, కార్బమజెపిన్ అని పేర్లే రాయండి, అవి మాత్ర పనిని తగ్గిస్తాయి. ఛాతీనొప్పి, పిక్కలో నొప్పీ వాపూ, ఉన్నట్టుండి చూపు మసకబారడం, ఎన్నడూ లేనంత తలనొప్పి, వీటికి "మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి" అని విడిగా గళ్లలో.

సబ్‌సెంటర్_అక్క:
అచ్చుకి ముందు నలుగురైదుగురి చేత చదివించండి. "అర్థమైందా?" అనడగొద్దు, అందరూ అవుననే అంటారు. "బుధ, గురువారాల మాత్రలు మర్చిపోయి శుక్రవారం గుర్తొస్తే ఏం చేస్తావు?" అని అడిగి, చేతికి ప్యాకెట్ ఇచ్చి చూపించమనండి.